చంద్రుడి చలిలో మడత యాంటెన్నా ఇరుక్కోకుండా తెరుచుకోవాలంటే స్ప్రింగ్ మేలా, మోటర్ మేలా?

తమ్ముడూ, ముందు నీ ప్రశ్నను నాలుగు మాటల్లో మళ్లీ పెడతాను. వెనకాల వచ్చి చదివేవాళ్లకు కూడా తెలియాలి గదా. నువ్వు మహబూబ్‌నగర్‌లో బీటెక్ మెకానికల్ ఆఖరి సంవత్సరం. చంద్రుడి దక్షిణ ధ్రువం వైపు దిగే చిన్న ల్యాండర్‌కు మడత యాంటెన్నా గీస్తున్నావు. పొడవు 1.2 మీటర్లు, బరువు 3 కిలోలు, రాకెట్‌లో ల్యాండర్ పక్క గోడకు అంటుకొని ఉండి, దిగాక 90 డిగ్రీలు తెరుచుకోవాలి. ఉష్ణోగ్రత మైనస్ 150 నుంచి ప్లస్ 100 డిగ్రీల సెల్సియస్ అని రాసుకున్నావు. అల్యూమినియం బ్రాకెట్, 10 మిల్లీమీటర్ల టైటానియం పిన్ను, హెచ్7/జి6 ఫిట్టు (పిన్నుకు, రంధ్రానికి మధ్య ఎంత ఖాళీ వదలాలో చెప్పే కొలత). స్ప్రింగ్ పెట్టాలా మోటర్ పెట్టాలా, ఏ గ్రీజు వాడాలి, కాలేజీలో వాక్యూమ్ ఛాంబర్ లేకుండా పరీక్ష ఎట్లా చేయాలి, ఇవీ నువ్వడిగిన మూడూ.

సూటిగా చెప్తాను: స్ప్రింగ్ పెట్టు, దానికి వేగం తగ్గించే డాంపర్ జత చెయ్. గ్రీజు అసలే వద్దు, పొడి లూబ్రికెంట్ వాడు. తలుపులాగా పక్కకు తెరుచుకునేటట్టు హింజ్‌ను, అంటే కీలును, నిలువుగా పెట్టు. కానీ నీ డ్రాయింగ్ చూస్తే నాకు స్ప్రింగ్, మోటర్ గురించి భయం లేదు. నువ్వు ఒక్క ముక్క కూడా రాయని రెండు చోట్ల నీ యాంటెన్నా ఆగిపోతుంది. ఒకటి ఆ పిన్ను ఫిట్టు, రెండోది హింజ్ దాటి పోయే కేబుల్.

నాది దేవరకొండ వైపు ఊరు. ఇరవై ఏడేళ్లు ఉపగ్రహాల మెకానిజమ్‌ల మీదే పని చేశాను. హింజ్‌లు, లాచ్‌లు (తెరిచాక పట్టి ఉంచే గొళ్లేలు), హోల్డ్‌డౌన్‌లు (తెరిచేదాకా మడతను బిగించి ఉంచేవి), బూమ్‌లు (పొడుగాటి చేతులు). ఇప్పుడు రిటైరై నల్లగొండలో ఉంటున్నాను. చెప్పేవన్నీ చేతులు కాల్చుకొని నేర్చుకున్నవి.

మన పాలమూరులో రైతుకు బోరు మోటర్ కాలిపోతే ఏం చేస్తాడు? పైపులు లాగించి, మోటర్ పైకి తీసి, వైండింగ్ చేయించి మళ్లీ దించుతాడు. డబ్బు పోతుంది, కొంత పంట ఎండుతుంది, అయినా దారి ఉంటుంది. మన పనికి ఆ దారి లేదు. తెరుచుకోవాల్సింది ఒక్కసారి, దగ్గర మనిషి ఉండడు. అపోలో 15, 16, 17 రోవర్ల మీద గొడుగులాంటి యాంటెన్నా ఉండేది. దాన్ని వ్యోమగాములు చేత్తోనే విప్పారు, పట్టేస్తే ఒక తోపు తోయొచ్చు. నీ ల్యాండర్‌కు ఆ చెయ్యి లేదు. అందుకే మా పనిలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: మడత పెట్టకుండా కుదురుతుందా? కాసినీ నౌక 4 మీటర్ల డిష్‌ను మడత లేకుండా గట్టిగా బిగించుకొనే శని గ్రహానికి పోయింది. నీ యాంటెన్నా పలక 80 సెంటీమీటర్లకు తగ్గితే సరిపోతుందేమో కమ్యూనికేషన్ చూసే నీ దోస్తును ఒకసారి అడుగు. సరిపోదు అంటేనే కింద రాసింది చదువు.

స్ప్రింగ్ ఎందుకంటే, దానికి కరెంటు వద్దు, వైండింగ్ లేదు, గేర్‌బాక్స్ లేదు. మోటర్ పెడితే గేర్లకు లూబ్రికెంట్ కావాలి, దానికి హీటర్ కావాలి, హీటర్‌కు బ్యాటరీ కావాలి, ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరుతుంది. మోటర్‌కు ఉన్న అసలు గుణం వెనక్కి తిప్పగలగడం. ఎక్కడన్నా పట్టేస్తే నాలుగు డిగ్రీలు వెనక్కి పోయి మళ్లీ ముందుకు రావొచ్చు. తెరిచాక మళ్లీ మడవాలన్నా, భూమి వైపు తిప్పుతూ ఉండాలన్నా మోటర్ తప్పదు. నీకు రెండూ అవసరం లేదు.

పెద్ద యాంటెన్నాల్లో రెండూ కలుస్తాయి. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి పోయిన నైసార్ చూడు, మనవాళ్లు, అమెరికా వాళ్లు కలిసి చేసిన రాడార్ ఉపగ్రహం. 9 మీటర్ల బూమ్‌ను ఒక్కో కీలు చొప్పున దాదాపు నాలుగు రోజులు విప్పారు. ఆగస్టు 15న బోల్టులు పేల్చి వదిలితే, మడతలో దాగిన బలంతోనే 12 మీటర్ల రిఫ్లెక్టర్ పువ్వులా కొంత విచ్చుకుంది. మిగతాది మోటర్లు, కేబుళ్లు లాగి బిగించాయి. బంగారు పూత తీగ జాలీ, 123 కాంపోజిట్ కడ్డీలు, మొత్తం రిఫ్లెక్టర్ బరువు 64 కిలోలే. నైసార్‌లో ఇంకో సంగతి ఉంది. మడిచి ఉన్న స్థితిలో రిఫ్లెక్టర్ ఎక్కువ వేడెక్కుతుందని లెక్కల్లో తేలి, ప్రత్యేక పూత వేయడానికి దాన్ని తిరిగి అమెరికా పంపించారు. ప్రయోగం వెనక్కి పోయినా సరే అనుకున్నారు. తెరిచాక ఎంత వేడి అన్న లెక్క అందరూ వేస్తారు. మడిచినప్పుడు ఎంత అన్నది కూడా వెయ్యి.

ఇక టార్క్, అంటే తిప్పే బలం లెక్క. నీ రిపోర్టులో రాపిడి 0.05 న్యూటన్-మీటర్లు, స్ప్రింగ్ 0.1, రెండింతలు ఉంది కాబట్టి చాలు అని రాశావు. చాలదు. యూరప్ అంతరిక్ష ప్రమాణాల్లో ఒక పద్ధతి ఉంది. లెక్కల మీదే అంచనా వేసిన రాపిడిని 3తో గుణించాలి, కేబుల్ బిగువును 3తో గుణించాలి, అన్నీ కలిపి మళ్లీ 2తో గుణించాలి. పరీక్ష చేసి కొలిచిన విలువలుంటే ఆ 3ను తగ్గించుకోవచ్చు, నీ దగ్గర ఇంకా కొలతలు లేవు. నీ రాపిడి 0.05 ఉంటే 0.15 అవుతుంది. కేబుల్‌ను 0.1 అనుకుందాం, 0.3 అవుతుంది. కలిపి 0.45, రెండింతలు 0.9.

ఇంతటితో అయిపోలేదు. నువ్వు ఉపగ్రహాల పుస్తకాలు చదివి బరువును సున్నా అనుకున్నావు. చంద్రుడి మీద బరువు సున్నా కాదు. అక్కడ గురుత్వ త్వరణం 1.62. నీ 3 కిలోల పలక బరువు మధ్యలో, అంటే హింజ్ నుంచి 0.6 మీటర్ల దూరంలో, పని చేస్తుంది. పలకను కింది నుంచి పైకి లేపే హింజ్ పెడితే ఒక్క బరువే 2.9 న్యూటన్-మీటర్లు అడ్డం తిరుగుతుంది. పైనుంచి కిందికి వాలేటట్టు పెడితే అదే బరువు దాన్ని కిందికి విసిరి కొడుతుంది. అందుకే నిలువు హింజ్ అన్నాను. సమతలంలో దిగితే బరువు ఏమీ చేయదు. 12 డిగ్రీల వాలులో దిగితే గరిష్ఠంగా 0.6 న్యూటన్-మీటర్లు వస్తుంది. బరువు కచ్చితంగా తెలిసిన సంగతి కాబట్టి దానికి 3 అక్కర్లేదు, 1.1 చాలు. అంటే 0.66. దానికి 0.45 కలిపి రెండింతలు చేస్తే 2.2 న్యూటన్-మీటర్లు. నువ్వు పెట్టిన స్ప్రింగ్‌కు ఇరవై రెండింతలు. ధ్రువం దగ్గర భూమి ఆకాశంలో అంచుకు దగ్గరగా కనిపిస్తుంది కాబట్టి, తలుపులా నిలబడ్డ పలక దాని వైపు చూడడానికి కూడా కలిసొస్తుంది.

ఇంకో మాట. ఆ 2.2 ఎక్కడ కావాలి? చివరి డిగ్రీ దగ్గర, లాచ్ పడేచోట. అక్కడే స్ప్రింగ్ బాగా వదులై, బలం తగ్గి ఉంటుంది. పిల్లల రిపోర్టుల్లో ఎప్పుడూ మొదటి డిగ్రీ దగ్గరి బలమే చూపిస్తారు. చివరి దగ్గర 2.2 ఉండాలంటే మొదట 3 దాకా ఉండాలి.

ఇప్పుడు రెండో వైపు చూడు. అంత బలం పెట్టావు, రాపిడి తక్కువగా ఉంది, వాలు కూడా తెరుచుకునే వైపే ఉంది అనుకో. స్ప్రింగ్ నుంచి 4 జౌళ్లు, వాలు నుంచి ఇంకో 0.6 జౌళ్లు వచ్చి పలకలో చేరతాయి. నీ పలక జడత్వం దాదాపు 1.44 కిలోగ్రామ్-మీటర్ స్క్వేర్. రాపిడి తీసేసినా అంచు సెకనుకు 3 మీటర్ల వేగంతో వచ్చి స్టాపర్‌కు కొట్టుకుంటుంది. లాచ్ విరుగుతుంది, లేకుంటే పలక మీది అతుకులు లేస్తాయి. అందుకే డాంపర్. చలిలో ఆగిపోతుందేమో అన్న లెక్క ఒకటి, వేడిలో విరిగిపోతుందేమో అన్న లెక్క ఒకటి, రెండూ వేరువేరుగా వెయ్యాలి. డాంపర్‌లో సిలికోన్ ఆయిల్ ఉంటే చలికి చిక్కబడి అదే అడ్డం పడుతుంది, దానికి చిన్న హీటర్ పెట్టు. అయస్కాంతంతో పనిచేసే ఎడ్డీ కరెంట్ డాంపర్ దొరికితే ఆయిల్ బాధ లేదు.

పిన్ను సంగతికి వస్తాను. నాకు అన్నిటికంటే ఎక్కువ కంగారు దీని మీదే. 10 మిల్లీమీటర్లకు హెచ్7/జి6 అంటే పిన్నుకు, రంధ్రానికి మధ్య ఖాళీ 5 నుంచి 29 మైక్రాన్ల దాకా ఉంటుంది, సగటున 17. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అల్యూమినియం ఒక్క డిగ్రీకి మీటరుకు 23 మైక్రాన్లు కుంచించుకుంటుంది, టైటానియం 8.6. వర్క్‌షాప్‌లో 20 డిగ్రీల దగ్గర బిగించి మైనస్ 150కి తీసుకుపోతే 170 డిగ్రీల తేడా. తేడా గుణకం 14.4, దాన్ని 170తో, 10 మిల్లీమీటర్లతో గుణిస్తే 24 మైక్రాన్లు. నీ ఖాళీ సగటున 17. బ్రాకెట్ పిన్నును పాము చుట్టుకున్నట్టు పట్టేస్తుంది. చల్లబడేకొద్దీ ఈ గుణకాలు కొంచెం తగ్గుతాయి కాబట్టి 24 బదులు 20 రావొచ్చు, అయినా ఎక్కువ హింజ్‌లు పట్టేస్తాయి. నీ 2.2 న్యూటన్-మీటర్లు దాన్ని కదిలించలేవు. రాపిడిని 3తో గుణించి వేసుకున్న లెక్క కూడా ఇక్కడ పనికిరాదు, ఇది రాపిడి దాటి బిగింపు అయిపోయింది.

బ్రాకెట్‌ను కూడా టైటానియంతో చెయ్. కానీ టైటానియం మీద టైటానియం నేరుగా రాసుకోనియ్యకు, ఒకదాన్నొకటి పీక్కొని అతుక్కుంటాయి. మధ్యలో 440సి స్టెయిన్‌లెస్ బుష్, అంటే గొట్టంలాంటి తొడుగు, పెట్టు. దాని వ్యాకోచం 10 దరిదాపు, టైటానియంకు దగ్గర. ఖాళీ కూడా కొంచెం పెంచు. పెంచితే పలక ఊగుతుంది అంటావు. తెరుచుకునేటప్పుడు ఊగనియ్, చివర లాచ్ పడ్డాక బిగువు రావాలి. ఆ బిగువు లాచ్ పని, పిన్ను పని కాదు.

ఇదే కథ పెద్ద కొలతలో ఇంకోచోట ఉంది. నీ పలకకు రెండు హింజ్‌లు, మధ్య దూరం మీటరు. ల్యాండర్ గోడ అల్యూమినియం, పలక కార్బన్ ఫైబర్. కార్బన్ ఫైబర్ దాదాపు కుంచించుకోదు, గోడ 170 డిగ్రీలకు 3.9 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది. రెండు హింజ్‌లనూ గట్టిగా బిగిస్తే అవి పక్కకు లాక్కొని వంకరపోతాయి. ఒక హింజ్‌ను స్థిరంగా పెట్టు, రెండోది పిన్ను వెంబడి జారేటట్టు వదులు. పై హింజ్‌కు ఎండ, కింది హింజ్‌కు నీడ పడితే వంకర ఇంకా ఎక్కువ. ధ్రువం దగ్గర ఎండ పక్క నుంచి వస్తుంది, సగం ఎండ సగం నీడ అక్కడ మామూలే.

కేబుల్ గురించి నా అనుభవం చెప్తాను. పదిహేనేళ్ల కింద ఒక బూమ్ హింజ్‌ను కోల్డ్ ఛాంబర్‌లో మైనస్ 60 దగ్గర వదిలాం. 71 డిగ్రీల దాకా వచ్చి ఆగింది. మామూలు గదిలో నలభై సార్లు తెరుచుకున్న హింజ్ అది. లూబ్రికెంట్ పోయిందన్నారు, బేరింగ్ చెడిందన్నారు, హింజ్ మొత్తం విప్పి రెండు వారాలు చూశాం. ఏమీ లేదు. చివరకు మా టెక్నీషియన్ ఒకాయన కేబుల్ కట్టను కోసి పక్కకు పెట్టి, మళ్లీ చల్లబరిచి వదిలాడు. టప్పున తెరుచుకుంది. సిగ్నల్ తీసుకుపోయే ఆరు కోక్స్ కేబుళ్లను కలిపి బిగించి కట్టాం, చలికి ఆ కట్ట కర్రలా అయిపోయింది. గది పరీక్షల్లో కేబుల్ లేకుండానే నలభై సార్లు తెరిచాం. ఆ రోజు నుంచి కేబుల్ లేకుండా తెరిచిన పరీక్షను నేను లెక్కలోకే తీసుకోలేదు. కేబుల్‌ను హింజ్ దగ్గర ఒకేచోట వంచకు. హింజ్ అక్షం చుట్టూ గడియారం స్ప్రింగ్‌లా ఒకటిన్నర చుట్టు తిప్పి తీసుకుపో. మధ్యలో కట్లు కట్టకు, ఒక్కో తీగ దేనికది జరగనియ్.

పైన కప్పే బంగారు రంగు దుప్పటి, అదే మల్టీలేయర్ ఇన్సులేషన్, అది కూడా ఇట్లాంటి దొంగే. 1991లో కెనడా వాళ్ల అనిక్ ఇ2 ఉపగ్రహం యాంటెన్నా తెరుచుకోలేదు. ఉపగ్రహాన్ని గిరగిరా తిప్పి విడిపించారు. దుప్పటి చిక్కుకోవడమే కారణమని తేల్చారు. డ్రాయింగ్‌లో దుప్పటి గీతలా ఉంటుంది, నిజంలో అది ఉబ్బుతుంది, ముఖ్యంగా రాకెట్ పైకి పోతున్నప్పుడు లోపలి గాలి బయటికి వచ్చేటప్పుడు.

గ్రీజు వద్దని ఎందుకన్నానో చెప్పాలి. మామూలు గ్రీజు వాక్యూమ్‌లో ఆవిరై పోయి కెమెరా లెన్సు మీద కూర్చుంటుంది. అంతరిక్షం కోసమే చేసిన ఫ్లోరినేటెడ్ గ్రీజులున్నాయి గానీ అవి కూడా మైనస్ 80 దాటితే గట్టిపడతాయి. గ్రాఫైట్ వాడదామని నీ ప్రశ్న కింద ఒకరు కామెంట్ పెట్టారు. వద్దు. గ్రాఫైట్ జారడానికి గాలిలోని తేమ కావాలి. ఎత్తున ఎగిరే విమానాల మోటర్లలో గ్రాఫైట్ బ్రష్‌లు పొడి గాలికి తొందరగా అరిగిపోయేవి, అట్లనే ఈ సంగతి తెలిసింది. మనకు కావలసింది మాలిబ్డినం డైసల్ఫైడ్ పూత. దాని గుణం సరిగ్గా తలకిందులు: వాక్యూమ్‌లో, పొడి నైట్రోజన్‌లో హాయిగా జారుతుంది, తేమ గాలిలో రాపిడి పెరిగి తొందరగా అరిగిపోతుంది.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ గెలీలియో. మొదటిసారి ఆ రిపోర్టు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బృహస్పతికి పోయే నౌక, గొడుగులాంటి 4.8 మీటర్ల యాంటెన్నా, 18 ఊచలు. 1986లో ఎగరాల్సింది. ఆ జనవరి 28న ఛాలెంజర్ ప్రమాదం జరిగింది, ప్రయోగం ఆగింది. యాంటెన్నా కాలిఫోర్నియా నుంచి ఫ్లోరిడాకు, మళ్లీ వెనక్కి, మళ్లీ ఫ్లోరిడాకు లారీలో తిరిగింది. మడిచిన ఊచల పిన్నులు తమ గుంటల్లో వేల కిలోమీటర్లు రోడ్డు అదురుకు రాసుకున్నాయి, అదీ గాలిలో. పూత అరిగిపోయింది. మళ్లీ పూత వేయలేదు. 1989 అక్టోబర్ 18న ఎగిరింది, 1991 ఏప్రిల్ 11న యాంటెన్నా తెరవమని ఆదేశం ఇచ్చారు. మోటర్లు తిరిగి ఆగిపోయాయి. కొన్ని ఊచలు విడిపోలేదు. ఎండకు తిప్పారు, నీడకు తిప్పారు, మోటర్లను సుత్తితో కొట్టినట్టు 13 వేల సార్లకు పైగా ఆపి ఆపి తిప్పారు. రాలేదు. సెకనుకు 1,34,000 బిట్లు పంపాల్సిన నౌక, చిన్న యాంటెన్నాతో, సమాచారాన్ని కుదించి కుదించి, ఎక్కువలో ఎక్కువ 160 బిట్ల దరిదాపులో పంపింది. ఆ ఇంజినీర్లు సాఫ్ట్‌వేర్‌తో మిషన్‌ను నిలబెట్టిన తీరుకు దండం పెట్టాలి. కానీ ఆ యాంటెన్నా మటుకు తెరుచుకోలేదు.

నా మేనమామ నాగార్జునసాగర్ గేట్ల దగ్గర పని చేసేవాడు. 26 గేట్లు. వరద రాకముందే, ఎండాకాలంలోనే, ఇనుప తాళ్ల మీది పాత గ్రీజు తుడిచి కొత్తది పూసి, గేటు లేపి దించి చూసేవాళ్లు. నిరుడు లేచింది గదా అని ఈ ఏడు నమ్మేవాళ్లు కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మన హింజ్‌లను కూడా అట్లనే నెలకోసారి తెరిచి మూసి చూద్దామని మా పెద్దాయనతో అన్నాను. ఆయన వద్దన్నాడు. గేటును ఎంత కదిపితే అంత మంచిది, మన పూతను గాలిలో కదిపిన ప్రతిసారీ కొంచెం ఖర్చవుతుంది అన్నాడు. అందుకే ప్రతి హింజ్‌కు ఒక పుస్తకం పెట్టాలి. ఎన్నిసార్లు తెరిచాం, ఏ తేమలో తెరిచాం, ఎన్ని కిలోమీటర్లు లారీలో పోయింది. ఒకసారి వానాకాలమంతా ఒక హింజ్‌ను మామూలు బీరువాలో వదిలేశాం. తీసి కొలిస్తే రాపిడి రెండింతలైంది. పూత గీకించి కొత్తగా వేయించాం. నువ్వు ప్రాజెక్టు ముక్కను సిలికా జెల్ పొట్లాలతో గట్టి డబ్బాలో పెట్టు, హైదరాబాద్‌కు బస్సులో తీసుకుపోతే ఒళ్లో పెట్టుకొని పో.

చంద్రుడి దుమ్ము గురించి నువ్వు రాయలేదు. అక్కడి దుమ్ము గాజు పెంకు లాంటిది, పదును ఉంటుంది, స్థిర విద్యుత్తుతో అంటుకుంటుంది, దిగేటప్పుడు ఇంజిన్ మంట దాన్ని లేపుతుంది. హింజ్ నోరు ఇంజిన్ వైపు పెట్టకు, ముందు ఒక చిన్న రేకు అడ్డం పెట్టు. రబ్బరు తొడుగు వద్దు, చలికి అదే కర్రవుతుంది.

నీ మైనస్ 150 సంగతి. బతకాల్సిన ఉష్ణోగ్రత వేరు, పని చేయాల్సిన ఉష్ణోగ్రత వేరు. నీ యాంటెన్నా ఎప్పుడు తెరుచుకుంటుంది? దిగిన వెంటనే, పగలు. విక్రమ్ ల్యాండర్ 2023 ఆగస్టు 23న దిగింది కూడా చంద్రుడి మీద పొద్దు పొడిచినప్పుడే, 14 రోజుల పగలు చేతిలో ఉండేటట్టు. రాత్రి పడ్డాక లాచ్ పడి ఉన్న యాంటెన్నాకు ఎంత చలి వేసినా కదిలే పని లేదు. కాబట్టి తెరుచుకునే సమయాన్ని నువ్వే ఎంచుకో. తెరిచే లెక్క మైనస్ 70 దాకా వెయ్యి, విరగకుండా ఉండే లెక్క మైనస్ 150 దాకా వెయ్యి. బరువు, ఖర్చు రెండూ తగ్గుతాయి. ఎండ ఆయుధం కూడా అవుతుంది. అంగారకుడి చుట్టూ తిరిగే మార్స్ ఎక్స్‌ప్రెస్ నౌక 2005 మే నెలలో 20 మీటర్ల రాడార్ బూమ్ తెరిస్తే 13 ముక్కల్లో ఒకటి లాక్ కాలేదు. నీడలో ఉండి చల్లబడిపోయింది. నౌకను తిప్పి ఆ వైపు ఎండ పడేటట్టు చేశారు, లాక్ అయింది. నీ ల్యాండర్ తిరగలేదు కాబట్టి హింజ్ దగ్గర 5 వాట్ల హీటర్ ఒకటి పెట్టుకో. అదే నీ ఎండ.

హోల్డ్‌డౌన్ మీద ఎక్కువ రాయను, అది వేరే ప్రశ్నగా అడగాల్సినంత పెద్దది. ఒక్క సంగతి మాత్రం. 2023 ఏప్రిల్ 14న బృహస్పతికి బయల్దేరిన జ్యూస్ నౌకలో 16 మీటర్ల రైమ్ యాంటెన్నా ఒక చిన్న పిన్ను దగ్గర పట్టేసింది. నౌకను ఊపారు, ఎండకు తిప్పారు. చివరకు మే 12న అదే బ్రాకెట్‌లో ఉన్న ఇంకో విడుదల పరికరాన్ని పని చేయిస్తే ఆ అదురుకు పిన్ను కొన్ని మిల్లీమీటర్లు జరిగి యాంటెన్నా విడిపోయింది. మొదటి ప్రయత్నం తప్పినా ఇంకో బలం అందుబాటులో ఉండేటట్టు నీ డిజైన్‌లో ఏం ఉంది, రాసుకో. నువ్వు నైలాన్ దారాన్ని నైక్రోమ్ తీగతో కాల్చి వదులుతానన్నావు. తీగలు రెండు పెట్టు, సర్క్యూట్లు రెండు పెట్టు. బయట గాలిలో సరిగ్గా కాలే కరెంటు వాక్యూమ్‌లో తీగనే తెంపొచ్చు, ఎందుకంటే వేడిని తీసుకుపోయే గాలి లేదు. తడి గాలికి నైలాన్ సాగుతుంది కూడా, బిగించిన రోజు ఉన్న బిగువు నెల తర్వాత ఉండదు.

పరీక్ష. వాక్యూమ్ ఛాంబర్ లేకపోతే నీకు అడ్డం కాదు. మాలిబ్డినం డైసల్ఫైడ్ పొడి నైట్రోజన్‌లో వాక్యూమ్‌లో లాగే జారుతుంది కాబట్టి, పొడి నైట్రోజన్ నింపిన చల్లని పెట్టె నీకు తొంభై శాతం చెప్తుంది. మొదట ఐస్‌క్రీమ్ దుకాణం డీప్ ఫ్రీజర్‌లో, మైనస్ 18 దగ్గర హింజ్ పెట్టి చూడు, కేబుల్‌తో సహా. సగం తప్పులు అక్కడే బయటపడతాయి. తర్వాత థర్మకోల్ పెట్టెలో డ్రై ఐస్, మైనస్ 78. నువ్వు తెరిచే ఉష్ణోగ్రత మైనస్ 70 అన్నాం గదా, అది ఇక్కడే అయిపోతుంది. మైనస్ 150 బతుకు పరీక్షకు లిక్విడ్ నైట్రోజన్ కావాలి. పశువుల ఆసుపత్రుల్లో వీర్యం స్ట్రాలు నిలవ ఉంచేది దాంట్లోనే, అది వాళ్లకు ఎక్కడి నుంచి వస్తుందో వాళ్లనే అడుగు. మూసిన గదిలో మాత్రం వాడొద్దు. నైట్రోజన్ గాలిలో ఆక్సిజన్‌ను తోసేస్తుంది, వాసన రాదు, మనిషి తెలియకుండానే పడిపోతాడు. కిటికీలు తెరిచి, ఇద్దరు ఉండి చెయ్యండి. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పవు. ఇంకొకటి, హింజ్ మీద మంచు పేరుకుంటే అది నీ పరీక్ష ఫలితాన్ని చెడగొడుతుంది. చంద్రుడి మీద మంచు పట్టదు. చల్లబరిచే ముందే ప్లాస్టిక్ సంచిలో పెట్టి పొడి నైట్రోజన్‌తో గాలిని తోసేయ్.

బరువు పరీక్షకు ఒక సులువుంది. భూమి మీద నీ పలక బరువు చంద్రుడి కంటే ఆరింతలు. అందుకే నిలువు హింజ్ స్టాండును 2 డిగ్రీలు వాలిస్తే వచ్చే టార్క్, చంద్రుడి మీద 12 డిగ్రీల వాలుకు వచ్చే 0.6తో దాదాపు సమానం. లెక్క వేసి చూసుకో. ఒకసారి ముందుకు వాల్చి, ఒకసారి వెనక్కి వాల్చి తెరువు. వెనక్కి వాల్చినప్పుడు తెరుచుకుంటుందా చూడు, ముందుకు వాల్చినప్పుడు ఎంత గట్టిగా కొట్టుకుంటుందో చూడు. రాపిడిని విడిగా కొలవాలంటే పలకను పైకప్పు నుంచి పొడుగు దారంతో వేలాడదీసి, స్టాండును స్పిరిట్ లెవెల్‌తో సమం చేసి, స్ప్రింగ్ తీసేసి, అంచును స్ప్రింగ్ త్రాసుతో మెల్లగా లాగు. ప్రతి పది డిగ్రీలకు ఒక రీడింగ్. ఆ పట్టిక చేతిలో ఉంటే రాపిడికి వేసిన 3ను 1.5కు దించుకోవచ్చు, స్ప్రింగ్ చిన్నదవుతుంది, డాంపర్ మీద భారం తగ్గుతుంది.

నీ డ్రాయింగ్‌లో హింజ్ దాటే కోక్స్ కేబుళ్లు ఎన్ని, ఎంత మందం అన్నది ఎక్కడా లేదు. ఆ రెండు అంకెలు, డీప్ ఫ్రీజర్‌లో తీసిన త్రాసు రీడింగులు ఇక్కడ పెట్టు. కేబుల్‌కు 0.1 అని నేను ఊహించి వేసిన లెక్కను తీసేసి, నీ కొలతతో మళ్లీ వేద్దాం.